డోనోవనోసిస్

డోనోవనోసిస్ జననాంగాల చర్మాన్ని మెల్లగా తినేసే బ్యాక్టీరియా వ్యాధి. ఎక్కువగా లైంగిక సంపర్కం వల్ల సోకుతుంది. మగవారిలో ముందోలు మీదో, శిశ్నం మొన కింది గాడిలోనో చిన్న బొడిపెలా మొదలై, చిట్లి, పచ్చి మాంసంలా ఎర్రటి పుండవుతుంది. తాకితే చాలు, రక్తం కారుతుంది. నొప్పి మాత్రం ఉండదు. ఈ వ్యాధి చేసిన చేటుకు సగం కారణం అదే. నొప్పి లేదు, పైగా సిగ్గు. రోగి నెలల తరబడి ఆసుపత్రి గడప తొక్కడు. ఈలోగా పుండు గజ్జల్లోకి పాకుతుంది.

దీన్ని మొదట వర్ణించింది భారతదేశంలో పనిచేసిన వైద్యుడు కెన్నెత్ మెక్లియాడ్, 1882లో. కారకాన్ని చూసింది మద్రాసులో. కలకత్తాలో పుట్టిన ఐరిష్ వైద్యుడు చార్లెస్ డోనోవన్ 1905లో రోగుల పుండు కణాల్లో వింత రేణువులు గమనించాడు. అంతకు రెండేళ్ల ముందే కాలా అజార్ అనే జ్వరాన్ని కలిగించే ఏకకణ పరాన్నజీవిని గుర్తించిన వాడాయన. అందుకే కాబోలు, వీటినీ ఏకకణ పరాన్నజీవులే అనుకున్నాడు. అవి బ్యాక్టీరియా అని 1913లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు అరగావ్, వియన్నా చెప్పారు. 1940లలో అమెరికాలో వాటిని కోడిగుడ్డు పిండపు పచ్చసొనలో పెంచగలిగారు. 1999లో జన్యు పోలికలను బట్టి క్లెబ్సియెల్లా ప్రజాతిలో చేర్చారు.

మన తూర్పు తీరానికి ఈ వ్యాధి కొత్త కాదు. ఒడిశా, ఆంధ్ర తీరం, తమిళనాడు దీనికి చిరకాలపు నెలవులు. మద్రాసు వైద్యులు ఆర్.వి. రాజం, పి.ఎన్. రంగయ్య దీనిపై రాసిన గ్రంథాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1954లో ప్రచురించింది. ఇక్కడి వార్డుల్లో పోగైన అనుభవం అలా ప్రపంచానికి పాఠమైంది.

నిర్ధారణకు ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. పుండు అంచు నుంచి చిటికెడు కణజాలం తీసి, రెండు గాజు పలకల మధ్య నలిపి, గీమ్సా రంగు వేసి చూస్తే కణాల లోపల పిన్నీసు ఆకారంలో బ్యాక్టీరియా కనబడతాయి. ఇవే డోనోవన్ రేణువులు. దీన్ని ఇతర పుండ్ల నుంచి వేరు చేసి గుర్తించాలి. సవాయి (సిఫిలిస్) పుండు కూడా నొప్పి పెట్టదు, కాని దాని అడుగు గట్టిగా ఉంటుంది, గజ్జల్లో బిళ్ళలు కడతాయి. డోనోవనోసిస్‌లో సాధారణంగా బిళ్ళలు కట్టవు. గజ్జల్లో వాపు కనబడినా అది చర్మం కిందికి పాకిన పుండే. షాంక్రాయిడ్ అనే మరో సుఖవ్యాధి పుండు విపరీతంగా నొప్పి పెడుతుంది. ఎంతకీ మానని పుండు క్యాన్సర్ కావచ్చు గనుక ముక్క పరీక్ష (బయాప్సీ) తప్పదు.

చికిత్స 1913లో వియన్నా వాడిన టార్టార్ ఎమెటిక్ అనే విషపూరిత ఆంటిమొనీ ఇంజెక్షన్‌తో మొదలైంది. 1940ల చివర్లో స్ట్రెప్టోమైసిన్ వచ్చాక రోగుల తలరాత మారింది. ఇప్పుడు అజిత్రోమైసిన్ వారానికి 1 గ్రాము, లేదా రోజుకు 500 మిల్లీగ్రాములు, కనీసం 3 వారాలు ఇస్తారు; పుండు పూర్తిగా మానేదాకా ఆపకూడదు. వారానికోసారి మింగే ఈ మందే 2001–2004 మధ్య ఆస్ట్రేలియా ఆదివాసీ ప్రాంతాల్లో వ్యాధిని దాదాపు తుడిచిపెట్టడానికి తోడ్పడింది. సొంతంగా పైపూత మందులు రాసుకుంటే విలువైన కాలం పోతుంది. రోగికి హెచ్‌ఐవీ, సవాయి పరీక్షలు చేయాలి, భాగస్వామినీ పరీక్షించాలి. మానిన పుండు 6 నుంచి 18 నెలల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు, కాబట్టి అన్నాళ్లూ వైద్యుడికి చూపించుకుంటూ ఉండాలి.