పటసేవల సర్వరు: మదనపల్లె, పుంగనూరు, కుప్పం సరిహద్దుల చరిత్ర

అంతర్జాల పటసేవలకు సర్వరు సామర్థ్యాన్ని సాధారణంగా ప్రాసెసరు, మెమరీలతోనే లెక్కిస్తారు. ముందే సిద్ధపరచిన పటఖండాలను చూపడానికి ప్రధానంగా డిస్కు స్థలం చాలు. రెండు కాలాల సరిహద్దులను పోల్చి విస్తీర్ణం గణించే భౌగోళిక విశ్లేషణకే అవి అధికంగా కావాలి. చిత్తూరు సీమ చరిత్ర మాత్రం వేరొక అవసరాన్ని చూపుతున్నది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు మదనపల్లె కడప జిల్లాలోనిది. పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటులోనివి. (కుప్పం పాత రికార్డులు వెదికేవారు కంగుంది పేరు మరువరాదు.) 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతనే ఆ జమీందారీ గ్రామాలు రైత్వారీలోకి వచ్చాయి. 2022లో మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరగా, తక్కిన రెండూ చిత్తూరులోనే నిలిచాయి. ప్రతి సరిహద్దుకూ అమలుకాలాన్ని జోడించని డేటాబేసు, ఎంత శక్తిమంతమైన సర్వరులో ఉన్నా, 1901 జనగణన నాటి మదనపల్లెను కడపకు బదులు నేటి జిల్లా ఖాతాలోనే వేస్తుంది.