పోరుమామిళ్ల శాసనం, ఎండ తాగే నీరు

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గరి సంస్కృత శాసనం 1369 నాటిది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించాడు. చెరువు కట్టడానికి రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అన్న ముక్కనే అందరూ ఎత్తి చెబుతారు. నాకు అంతకన్నా విలువైనవి మంచి చెరువుకు అందులో చెప్పిన పన్నెండు సాధనాలు, ఆరు దోషాలు. నీరు కొంచెమై పారాల్సిన నేల ఎక్కువైతే దోషం, నీరు ఎక్కువై నేల చాలకపోయినా దోషమే. చెరువు నడుమ మిట్ట ఉండకూడదు. గర్భం విశాలంగా ఉంటే చాలదు, లోతూ ఉండాలి. ఎండ ఊసు ఎక్కడా లేదు. అయినా ఎండా పైరూ కలిసి తాగే నీటి అంచనా నీరు, నేల, లోతుల ఈ పొత్తులోనే ఇమిడి ఉందంటాను. ఆవిరి లేచేది నీటి పైముఖం నుంచే. అంతే నీరు లోతుగా నిలిస్తే తక్కువ పోతుంది, పలచగా పరుచుకుంటే ఎక్కువ పోతుంది.

శాస్త్రాల్లోని పాఠాన్ని రాతికెక్కించినంత మాత్రాన లెక్క తెలిసినట్టా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే, శాసనంలో ఆవిరికి అంకె లేదు. కానీ అంచనాకు అంకే కావాలని లేదు. చెరువు సగమే నిండిన ఏడు ఆయకట్టులో ఎంత భాగానికి తూము విప్పాలో, వరి పెట్టాలో ఆరుతడి పైరుతో సరిపెట్టుకోవాలో ఊరు తేల్చుకునేది; నీరుగంటి మడి మడికీ నీరు కట్టేవాడు. పంట చేతికొచ్చేదాకా నీరు ఆగుతుందా అన్నదే అక్కడి లెక్క. ఆ లెక్కలో ఆవిరి విడిగా కనిపించదు, మిగిలిన నీటి మట్టంలో కనిపిస్తుంది.

ఎండా పైరూ తాగే నీటిని అంకెల్లో లెక్కగట్టే రెండు పేరున్న పద్ధతులు 1948లో వచ్చాయి. ఇంగ్లండులో పెన్‌మన్, అమెరికాలో థార్న్‌త్వెయిట్ ఒకే ఏడు తమ పద్ధతులు ప్రకటించారు. రెండో పద్ధతితో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన వి.పి. సుబ్రహ్మణ్యం 1956లో దేశం మొత్తానికి నీటి పద్దు వేశారు. ఆ పద్ధతికి ఉష్ణోగ్రత, పగటి నిడివి చాలు; గాలి వేగం, గాలిలోని పొడితనం అక్కర్లేదు. మెట్ట సీమల్లో అది తక్కువ చూపేది అందుకే. వాతావరణ కేంద్రాల్లో ఆవిరిని కొలిచే లోహపు తొట్టి ఇందుకు ఎదురు: పక్కల నుంచీ వేడెక్కి ఎక్కువ చూపుతుంది. దాని అంకెను సుమారు 0.7తో గుణించి వాడతారు.

అనంతపురంలో ఏటా పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఎండ అడిగేది దానికి రెట్టింపుకన్నా బాగా ఎక్కువ. అందుకే చెరువులంటే ఆవిరి పళ్లేలేనని కొట్టిపారేసేవారున్నారు. ఏడాది మొత్తపు ఆవిరిని నిండు చెరువు విస్తీర్ణంతో గుణిస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. అసలు తప్పు ఆ గుణకారంలోనే ఉంది. రాయలసీమలో చెరువులు నిండేది ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు వానలకు. ఎండ మండే ఏప్రిల్, మే నాటికి చాలా చెరువుల్లో మిగిలేది అడుగు నీరే. పైగా వరి ఆకు గుండా గాలిలో కలిసిన నీటిని నష్టం కింద రాయడం ఏం పద్దు? చెరువు తవ్వింది ఆ పనికే కదా. ఇంకిన నీరు చెరువు కింది బావుల్లో తేలుతుంది.

ఆ నిందలో నిజం పాలు పెరిగేది పూడిక పేరుకున్నాకే. గర్భం మేట వేస్తే అంతే నీరు మునుపటికన్నా పలచగా, వెడల్పుగా నిలుస్తుంది. వచ్చే నీరు తగ్గకపోయినా ఆవిరి పెరుగుతుంది, కాగితం మీది ఆయకట్టు మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు ఆ చెరువుకు శాసనం చెప్పిన దోషమే పడుతుంది: నీరు కొంచెం, నేల ఎక్కువ.