పుత్తూరు కట్టు, అమెరికా కట్టు

మా కొయ్యూరు వైపు ఎవరికైనా చెయ్యి విరిగితే పెద్దవాళ్ళ నోట ముందు వచ్చే మాట పుత్తూరు కట్టే. అక్కడ రాజుల కుటుంబం తరతరాలుగా ఎముక సరిచేసి, ఆకుపసరు, గుడ్డుసొన రాసి, వెదురుబద్దలతో కడుతోంది.

అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ కూడా ఎముకలు సరిచేసేవాడినని చెప్పుకుని తిరిగినవాడే. తన చేతివైద్యాన్ని 1874లో ప్రకటించాడు. దాన్నే ఆస్టియోపతీ అంటారు. 1892లో కిర్క్స్‌విల్‌లో బడి పెట్టాడు, మొదటి తరగతిలోనే ఆడవాళ్ళనీ చేర్చుకున్నాడు! (ఇది నాకు భలే నచ్చింది.) ఇప్పుడు అక్కడ ఆ చదువు చదివినవాళ్ళు మందులు రాస్తారు, ఆపరేషన్లూ చేస్తారు. మన కట్టు మాత్రం ఇంటివిద్యగానే ఉండిపోయింది.

కట్టు బిగిసి వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలమ్మా. రక్తం ఆడకపోతే చెయ్యే పోతుంది. మా అత్తగారి మణికట్టుకి ఎక్స్‌రే తీయించాకే కట్టు మాట ఎత్తనిచ్చాను. ఆవిడ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.