యూఎస్‌బీ అనుసంధాన రీతి (మొబైల్ ఫోన్లు)

యూఎస్‌బీ అనుసంధాన రీతి అనగా మొబైల్ ఫోనును కేబులు ద్వారా కంప్యూటరుకు కలిపినపుడు ఆ రెండు పరికరాలు ఏ పద్ధతిలో పనిచేయాలో నిర్ణయించే అమరిక. కేబులు ఒకటే అయినా దాని మీదుగా ఫోను కేవలం విద్యుత్తును తీసుకోవచ్చు, తన నిల్వలోని ఫైళ్ళన్నిటినీ కంప్యూటరుకు చూపవచ్చు, లేదా ఒక డిజిటల్ కెమెరా వలె ఫొటోలను మాత్రమే చూపవచ్చు. వీటిలో ఏది కావాలో వాడుకరి ఫోను తెరపై ఎంచుకోవాలి. ఎంచుకోని పక్షంలో ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లు సాధారణంగా ఛార్జింగును మాత్రమే అనుమతిస్తాయి. కేబులు పెట్టినా కంప్యూటరులో ఫోను కనబడటం లేదన్న ఫిర్యాదుకు చాలా సందర్భాలలో కారణం ఇదే. ఇది లోపం కాదు, భద్రత కోసం కావాలని చేసిన ఏర్పాటు.

ఫొటోల బదిలీకి ప్రధానంగా ఉపయోగపడే రీతులు రెండు. మొదటిది ఫైలు బదిలీ రీతి. దీని సాంకేతిక నామం ఎంటీపీ. రెండవది ఫొటో బదిలీ రీతి, అనగా పీటీపీ. సొంత కంప్యూటరుకు మొదటిది, ఇతరుల కంప్యూటరుకు రెండవది తగినవి.

చరిత్ర

యూఎస్‌బీ మొదటి ప్రమాణం 1996 జనవరిలో వెలువడింది. దీని రూపకల్పనలో ఇంటెల్ సంస్థలో పనిచేసిన, భారతదేశంలో జన్మించిన ఇంజనీరు అజయ్ భట్ ముఖ్య పాత్ర వహించాడు. 2000 ఏప్రిల్‌లో వచ్చిన యూఎస్‌బీ 2.0 సెకనుకు 480 మెగాబిట్ల గరిష్ఠ వేగాన్ని అందించింది. నేటికీ అనేక ఫోన్ల కేబుళ్ళు ఈ వేగానికే పరిమితం.

2000 దశకంలో కెమెరా ఉన్న నోకియా ఫోనును కంప్యూటరుకు తగిలిస్తే తెరపై పీసీ సూట్, మాస్ స్టోరేజ్, ఇమేజ్ ట్రాన్స్‌ఫర్, మీడియా ట్రాన్స్‌ఫర్ వంటి ఎంపికలు కనిపించేవి. వాటిలో ఎక్కువ మంది ఎంచుకున్నది మాస్ స్టోరేజ్. ఈ రీతిలో ఫోనులోని మెమరీ కార్డు అచ్చం పెన్ డ్రైవు వలె, ఒక డ్రైవు అక్షరంతో కంప్యూటరులో కనబడేది. సులువైన పద్ధతే గాని చిక్కులు లేకపోలేదు. కార్డు కంప్యూటరు అధీనంలో ఉన్నంతసేపు ఫోను దానిని వాడలేదు. సరిగా విడదీయకుండా కేబులు లాగితే కార్డు మీది ఫైళ్ళ పట్టిక చెడిపోయి ఫొటోలన్నీ పోయే ప్రమాదం ఉండేది. ఇంటర్నెట్ సెంటర్లలోని కంప్యూటర్ల నుండి వైరస్‌లు కార్డులోకి ఎక్కేవి. ఆ కార్డు ఇంటికి వచ్చి మరొక కంప్యూటరుకు వాటిని అంటించేది. ఆ రోజుల్లో కార్డులోని ఫోల్డర్లన్నీ మాయమై వాటి స్థానంలో షార్ట్‌కట్‌లు మిగలడం తెలియని కంప్యూటరు వాడుకరి అరుదు.

ఆండ్రాయిడ్ 2011లో తన 3.0 రూపంతో ఎంటీపీ వైపు మొగ్గింది. అదే సంవత్సరం చివరలో 4.0 రూపంతో వచ్చిన గెలాక్సీ నెక్సస్ ఫోనులో మాస్ స్టోరేజ్ రీతి లేనే లేదు. క్రమంగా ఇతర ఫోన్లలోనూ అది కనుమరుగయినది. 2015లో విడుదలైన ఆండ్రాయిడ్ 6.0 నుండి కేబులు తగిలించగానే ఛార్జింగు మాత్రమే జరిగే పద్ధతి ప్రామాణికమైనది.

పనిచేసే విధానం

మాస్ స్టోరేజ్‌కు, ఎంటీపీకి గల భేదాన్ని గ్రంథాలయంతో పోల్చి చెప్పవచ్చు. మాస్ స్టోరేజ్‌లో పాఠకుడికే తాళం చెవి ఇచ్చి బీరువాల మధ్యకు పంపుతారు. అతడు లోపల ఉన్నంతసేపు గ్రంథపాలకుడు బయట నిలబడాలి. ఎంటీపీలో పాఠకుడు బల్ల ముందే ఉంటాడు. కావలసిన పుస్తకం పేరు చెబితే గ్రంథపాలకుడు తెచ్చి ఇస్తాడు. ఇక్కడ గ్రంథపాలకుడు ఫోను. ఫైళ్ళపై అధికారం ఎప్పుడూ ఫోను చేతిలోనే ఉంటుంది కనుక బదిలీ జరుగుతుండగా కూడా ఫోనును వాడుకోవచ్చు. నడిమధ్యలో కేబులు ఊడినా ఆ క్షణాన నకలవుతున్న ఫైలు అసంపూర్ణంగా మిగులుతుందే తప్ప ఫోనులోని నిల్వ చెడదు.

ఈ పద్ధతికి కొన్ని ఇబ్బందులు ఉన్నాయి. వేల ఫొటోలున్న ఫోల్డరును తెరిస్తే జాబితా రావడానికే చాలాసేపు పడుతుంది. అప్పుడే తీసిన ఫొటో ఒక్కొక్కసారి కనబడదు. కేబులు తీసి మళ్ళీ పెడితే గాని జాబితాలోకి చేరదు. కంప్యూటరు నుండి చెరిపివేసిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి వెళ్ళదు, శాశ్వతంగా పోతుంది. నష్టాలలో పెద్దది ఇదే.

పీటీపీ వయసులో ఎంటీపీ కంటే పెద్దది. డిజిటల్ కెమెరాల కోసం 2000 ప్రాంతంలో రూపొందిన ఈ ప్రమాణాన్ని విస్తరించి మైక్రోసాఫ్ట్ సంస్థ ఎంటీపీని తయారుచేసింది. 2008లో అది యూఎస్‌బీ ప్రమాణాలలో చేరింది. ఆండ్రాయిడ్ ఫోనును పీటీపీలో కలిపితే కంప్యూటరుకు డీసీఐఎం, పిక్చర్స్ అనే రెండు ఫోల్డర్లు మాత్రమే కనబడతాయి. డీసీఐఎం అంటే డిజిటల్ కెమెరా ఇమేజెస్. కెమెరాతో తీసిన ఫొటోలు, వీడియోలు ఇందులో ఉంటాయి. డౌన్‌లోడ్ ఫోల్డరు, వాట్సాప్ ఫోల్డరు, పత్రాలు ఈ రీతిలో బయటపడవు.

ఇవి కాక కంప్యూటరుకు ఫోను ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే టెదరింగ్ రీతి, సంగీత వాద్యాల కోసం మిడి రీతి కూడా ఎంపికల జాబితాలో కనిపిస్తాయి. ఫొటోలతో వీటికి సంబంధం లేదు.

కేబులు ద్వారా బదిలీ ఆవశ్యకత

ఫొటోలను వాట్సాప్‌లో పంపుకొని కంప్యూటరులో దించుకోవడం ఇప్పుడు అలవాటుగా మారింది. ఒకటి రెండు బొమ్మలకు ఇది సరిపోతుంది. అయితే మామూలుగా పంపినపుడు వాట్సాప్ ఫొటోను కుదించి, పరిమాణం తగ్గించి పంపుతుంది. ఫొటో లోపల కెమెరా నమోదు చేసిన తీసిన తేదీ, సమయం, స్థలం వంటి వివరాలు తొలగిపోతాయి. వాట్సాప్ ఇచ్చే ఫైలు పేరులోని తేదీ సాధారణంగా ఫొటో పంపిన లేదా అందిన రోజుది. తీసిన రోజుది కాదు. 2023లో వచ్చిన హెచ్‌డీ ఎంపికతో స్పష్టత కొంత మెరుగైనా అది మూల ఫైలు కాదు. డాక్యుమెంటు రూపంలో పంపితే మూల ఫైలే వెళుతుంది గాని, వందల ఫొటోలకు అది శ్రమతో కూడిన పని. కేబులు ద్వారా నకలు చేస్తే ఒక్క చుక్క కూడా మారకుండా మూల ఫైలే కంప్యూటరుకు చేరుతుంది.

ఈ తేడా ఎక్కడ పట్టించుకోవలసినదో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో అనేక ఉదాహరణలు దొరుకుతాయి. సూర్యాపేట సమీపంలోని పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు ఆలయాలు, శాసనాలు ఉన్నాయి. నల్లరాతిపై చెక్కిన అక్షరాలను ఫోనుతో తీసినపుడు మూల ఫొటోలో వాటిని పెద్దవి చేసి చదవవచ్చు. కుదించిన నకలులో అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. కొమ్ము ఏదో గుడి ఏదో తెలియని శాసన చిత్రం చరిత్ర విద్యార్థికి కొరగాదు. మిర్యాలగూడకు దిగువన కృష్ణా, మూసీ నదులు కలిసే వాడపల్లి ఆలయాల చిత్రాలకూ, జిల్లాలోని ఫణిగిరి బౌద్ధ క్షేత్ర శిల్పాల చిత్రాలకూ ఇదే వర్తిస్తుంది. ఇటువంటి ఫొటోలను వికీమీడియా కామన్స్‌కు ఎక్కించేవారు మూల ఫైలునే ఎక్కించడం మంచిది. తీసిన తేదీని ఆ స్థలం ఫైలు నుండే గ్రహిస్తుంది.

రెండవ ఉదాహరణ వరదలు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుంభవృష్టికి కోదాడ పట్టణం జలమయమైంది. నడిగూడెం మండలంలో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గండి పడింది. పొలాలు నీట మునిగాయి. ఇటువంటి విపత్తులో మునిగిన పొలానికి, కూలిన గోడకు రైతు తీసిన ఫొటోలో తేదీ, సమయం, స్థలం చెక్కుచెదరకుండా ఉంటే అది ఒక ఆధారంగా నిలవగలదు. పది గుంపులు తిరిగి వచ్చిన వాట్సాప్ నకలుకు ఆ విలువ ఉండదు. కాబట్టి అటువంటి ఫొటోలను ఫోను పోకముందే, పాడవకముందే కేబులు ద్వారా వేరొక చోట భద్రపరచుకోవాలి.

ఇక దురాజ్‌పల్లి వద్ద రెండేళ్ళకొకసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతర వంటి సందర్భాలలో సమస్య నిడివిది. వందల ఫొటోలు, వీడియోలతో ఫోను నిండిపోతుంది. ఒక్కొక్కటి 4 మెగాబైట్ల చొప్పున వెయ్యి ఫొటోలు సుమారు 4 గిగాబైట్లు. సెకనుకు 30 మెగాబైట్ల వేగం లభిస్తే కేబులు మీద రెండు మూడు నిమిషాల పని. చిన్న ఫైళ్ళు ఎక్కువైనపుడు అంతకంటే ఎక్కువసేపు పట్టవచ్చు. ఇంటర్నెట్ డేటా మాత్రం ఖర్చు కాదు.

బదిలీ చేయు విధానం

ముందుగా ఫోను తాళం తీయాలి. తాళం వేసి ఉన్న ఫోను తన ఫైళ్ళను చూపదు. కేబులు తగిలించిన తరువాత తెరను పైనుండి క్రిందికి జరిపితే యూఎస్‌బీ ద్వారా ఛార్జ్ అవుతున్నదన్న ప్రకటన కనబడుతుంది. దానిని తాకితే రీతుల జాబితా వస్తుంది. ఫైలు బదిలీ లేదా పీటీపీ ఎంచుకోగానే విండోస్ కంప్యూటరులో ఫోను పేరు ప్రత్యక్షమవుతుంది. డీసీఐఎం లోపలి కెమెరా ఫోల్డరును తెరచి ఫొటోలను నకలు చేసుకోవాలి.

ఇక్కడ కట్ అనే ఆదేశం వాడరాదు. కాపీ చేసి, రెండు చోట్లా ఫైళ్ళ సంఖ్య సరిచూసి, కొన్ని ఫొటోలను కంప్యూటరులో తెరచి చూసిన పిమ్మటే ఫోనులోనివి తొలగించాలి. నకలైన ఫైలుకు కంప్యూటరులో సృష్టించిన తేదీగా నకలు చేసిన రోజు కనిపించవచ్చు. దానిని చూసి కంగారు పడనవసరం లేదు. తీసిన తేదీ ఫొటో లోపల భద్రంగానే ఉంటుంది.

ఆపిల్ మాక్ కంప్యూటర్లకు ఎంటీపీ స్వతహాగా తెలియదు. అందుచేత ఆండ్రాయిడ్ ఫోనును వాటికి పీటీపీలో కలిపి, ఇమేజ్ క్యాప్చర్ అనే అనువర్తనంతో ఫొటోలను దించుకోవచ్చు. ఐఫోనులో రీతుల జాబితా ఉండదు. 2013 నాటి ఐఓఎస్ 7 నుండి ఈ కంప్యూటరును నమ్మాలా అన్న ప్రశ్న వస్తుంది. సమ్మతిస్తే ఫోను విండోస్‌కు కెమెరా వలె కనిపిస్తుంది. 2017 తరువాతి ఐఫోన్లు ఫొటోలను హెచ్‌ఈఐసీ అనే రూపంలో నిల్వ చేస్తున్నాయి. బదిలీ మధ్యలో ఆగిపోతుంటే ఫొటోల అమరికలలో, కంప్యూటరుకు బదిలీ అన్నచోట మూల ఫైళ్ళను ఉంచు అనే ఎంపిక చేయడం వలన తరచుగా సమస్య తొలగుతుంది. ఐక్లౌడ్‌లో మాత్రమే ఉన్న మూల ఫొటోలు కేబులు ద్వారా రావు.

ఇతరుల కంప్యూటర్ల వద్ద జాగ్రత్తలు

పట్టణాలలో ఫొటోలు అచ్చు వేయించుకోవడానికి స్టూడియోకో, జిరాక్స్ సెంటరుకో వెళ్ళి ఫోను చేతికివ్వడం మామూలే. అక్కడ ఫైలు బదిలీ రీతి ఎంచుకుంటే పాస్‌పోర్టు సైజు ఫొటో ఒక్కటే కావలసి ఉన్నా, డౌన్‌లోడ్ ఫోల్డరులోని ఆధార్ పత్రం, బ్యాంకు వివరాలు, వాట్సాప్ చిత్రాలు అన్నీ ఆ కంప్యూటరుకు అందుబాటులోకి వస్తాయి. అడిగినవారికి దురుద్దేశం ఉండనక్కరలేదు. ఆ కంప్యూటరులో వైరస్ ఉంటే చాలు. పీటీపీ ఎంచుకుంటే ఈ ముప్పు చాలావరకు తగ్గుతుంది.

అయితే పీటీపీ సర్వరక్షకం కాదు. పట్టాదారు పాసుపుస్తకాన్నో, ఆధార్ కార్డునో కెమెరాతో ఫొటో తీసి ఉంటే అది డీసీఐఎంలోనే ఉంటుంది కనుక పీటీపీలోనూ కనబడుతుంది. కుటుంబ ఫొటోల సంగతీ అంతే. ఫోనుకు నేరుగా తగిలే ఓటీజీ పెన్ డ్రైవులోకి కావలసిన నాలుగు ఫొటోలను మాత్రమే నకలు చేసి దానిని ఇవ్వడం అన్నిటికంటే మేలైన మార్గం.

బస్ స్టేషన్లు, రైల్వే స్టేషన్లలోని ఛార్జింగు పాయింట్ల ద్వారా సమాచారాన్ని దొంగిలించడాన్ని జ్యూస్ జాకింగ్ అంటారు. ఈ పేరు 2011లో వాడుకలోకి వచ్చింది. భారతీయ రిజర్వు బ్యాంకు 2022లో ప్రచురించిన ఆర్థిక మోసాల పుస్తికలో దీనిని ప్రస్తావించింది. 2025లో ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు, కపట ఛార్జరు తానే వాడుకరి స్థానంలో సమ్మతి తెలిపి ఫోనును ఏమార్చగలదని చూపారు. అందుచేత ఆండ్రాయిడ్, ఐఓఎస్‌ల కొత్త రూపాలలో ఈ రక్షణను మరింత కట్టుదిట్టం చేశారు. ఫోనును తాజా రూపానికి మార్చుకోవడం, డెవలపర్ అమరికలలోని యూఎస్‌బీ డీబగ్గింగును అవసరం లేనపుడు ఆపి ఉంచడం, ప్రయాణాలలో సొంత ఛార్జరునే వాడడం మంచివి.

ఫోను కనబడకపోవుటకు కారణాలు

రీతి ఎంచుకున్నా ఫోను కనబడకపోతే ముందుగా అనుమానించవలసినది కేబులునే. యూఎస్‌బీ 2.0 కేబులులో నాలుగు తీగలు ఉంటాయి: విద్యుత్తుకు రెండు, సమాచారానికి రెండు. చవక కేబుళ్ళలో కొన్నింటికి సమాచారపు తీగలు ఉండవు. వాటితో ఛార్జింగు చక్కగా జరుగుతుంది గాని రీతుల జాబితా రానే రాదు. ఫోనుతో పాటు వచ్చిన కేబులుతో ప్రయత్నిస్తే విషయం తేలిపోతుంది. ఫోను రంధ్రంలో దుమ్ము పేరుకోవడం, కంప్యూటరు యూఎస్‌బీ పోర్టు వదులై ఉండడం తరువాతి కారణాలు. విండోస్ ఎన్ రకపు ప్రతులలో ఎంటీపీకి కావలసిన మీడియా భాగం ఉండదు. దానిని మైక్రోసాఫ్ట్ నుండి విడిగా స్థాపించుకోవాలి.