హవల్దార్ మావయ్యగారు

మా ఊరు తాడేపల్లిగూడెం. దగ్గర్లోని మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారని ఈ సంచిక చదివేవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. గూడెంలో రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వేసిన విమానాల రన్‌వే ఉంది. చిన్నప్పుడు నేను సైకిల్ నేర్చుకున్నది దానిమీదే. నేర్పింది సెలవులో వచ్చిన మా పెద్ద మావయ్యగారు. యుద్ధ చరిత్రల్లో జనరల్స్ పేర్లు ఉంటాయి, నాయక్, హవల్దార్ల పేర్లు రోల్ కాల్‌లో వినపడాల్సిందే. అందుకని ఆయన గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

1962 చైనా యుద్ధం తర్వాత సైన్యాన్ని బాగా పెంచారు. ఆ భర్తీల్లోనే 1963లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, మావయ్యగారు బెంగళూరు వెళ్ళి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో చేరారు. 1780 నాటి గ్రూప్ అది. అక్కడ తెలుగువాడైనా ‘తంబి’యే. 1971 నాటికి ఆయన 9 ఇంజనీర్ రెజిమెంట్‌లో నాయక్.

ఆ రెజిమెంట్ ఆ డిసెంబరులో శకర్‌గఢ్ సెక్టార్‌లో ఉంది. 15వ తేదీ రాత్రి బసంతర్ నది దగ్గర ట్యాంకులు దాటాలి. ముందు మైన్‌ఫీల్డ్. దాన్లో దారి చెయ్యాల్సింది శాపర్లే. పైనుంచి షెల్లింగ్. పని సగంలో ఉండగానే శత్రువు ట్యాంకుల కదలిక కనపడింది. ఇక ఆగితే లాభం లేదని మన పూనా హార్స్ ట్యాంకులు ఆ మైన్ల మధ్య నుంచే అవతలికి వెళ్ళాయి. మర్నాడు అక్కడే సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ వీరమరణం పొంది పరమవీర చక్ర అందుకున్నారు. 9 ఇంజనీర్స్‌కి చెందిన మేజర్ విజయ్ రతన్ చౌదరికి మరణానంతరం మహావీర చక్ర వచ్చింది. అదే 16వ తేదీన ఢాకాలో 93 వేల మంది లొంగిపోయారు. జనానికి ఆ సంతకం ఫోటోయే గుర్తు.

ఇవన్నీ నేను 1988లో రిక్రూట్‌గా బెంగళూరు వెళ్ళాక క్లాసులో విన్నాను. మొదటి సెలవులో వచ్చి అడిగాను, “మావయ్యా, మీరు బసంతర్‌లో ఉన్నారా?” అని. “ఉన్నానురా. చలి ఎక్కువ. మీ అత్తయ్యని కాఫీ పెట్టమను” అన్నారు. అంతే!

ఆయన 1984లో హవల్దార్‌గా దిగిపోయారు. అప్పటికి వయసు 39. ఒకప్పుడు జవానుకి జీతంలో 70 శాతం ఉన్న పెన్షన్ని 1973 తర్వాత 50 శాతం చేశారు. ముగ్గురు పిల్లలతో అది ఏమూలకి? బ్యాంకులో గన్‌మన్‌గా చేరి అరవై దాకా నిలబడే పనిచేశారు. ఇద్దరు ఆడపిల్లలకీ రోజూ పొద్దున్నే జడలు వేసేది ఆయనే. సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక ఊడేది కాదు, శాపర్ ముడి మరి! దూరంగా ఉన్న ఏళ్ళకి బదులు తీరుస్తున్నానని అనేవారట అత్తయ్యతో. పెరట్లో కలుపు తీసేటప్పుడు మాత్రం ముందు కత్తిని ఏటవాలుగా గుచ్చి చూసి అప్పుడు లాగేవారు. పిల్లలు నవ్వేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు, ఆ పని నేనూ నేర్చుకున్నాను గనక. 2015లో ఓఆర్ఓపీ వచ్చి నాలుగు విడతల్లో బకాయిలు అందితే మనవరాలి కాలేజీ ఫీజు కట్టారు.

2019లో పోయారు. ఫ్యామిలీ పెన్షన్‌కి వెళ్తే చిక్కు. పాత రికార్డులో ఎవరో గుమాస్తా అత్తయ్య పిలుపు పేరు రాశాడు, ఆధార్‌లో పూర్తి పేరు ఉంది. ఇద్దరూ ఒకరే అని నిరూపించడానికి పదకొండు నెలలు తిరిగాం. అఫిడవిట్, పేపర్లో ప్రకటన, మళ్ళీ అఫిడవిట్. యాభై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని “నువ్వెవరు?” అని అడిగినట్టుండేది. సోదరులారా, డిశ్చార్జి బుక్కు, పీపీవో, ఆధార్ మూడూ పక్కపక్కన పెట్టి భార్య పేరు, పుట్టిన తేదీ ఈరోజే సరిచూసుకోండి. మనం ఉండగా అయితే అది ఒక దరఖాస్తు. మనం పోయాక ఆమెకి యుద్ధం.

ఆ కాగితాల కోసమే ఆయన ట్రంకుపెట్టె తెరిచాం. పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ గుడ్డలో చుట్టి ఉన్నాయి. తండ్రి ఎక్కడ యుద్ధం చేశాడో కూతుళ్ళకి నేను చెబితే అప్పుడు తెలిసింది. అడుగున తాడు కట్టిన ఉత్తరాల కట్ట. పై ఉత్తరం 1972 జనవరిది. చిరునామాలో అత్తయ్య పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా రాసి ఉంది.

చివరికి డబ్బు పడింది. అత్తయ్య పాస్‌బుక్ నాచేత రెండుసార్లు చదివించుకుంది. ఈ సంచికలో వేయిస్తాను, ఒక్క ఉత్తరం ఇవ్వమని అడిగాను.

“అవి నాకు రాసినవి కదరా” అని కట్ట తీసుకుని పెట్టెలో పెట్టేసింది.