మాత్ర మానుట ఎన్నడు?

కంఠమునందలి థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేసినచో దేహము చిక్కును, గుండె దడదడలాడును, చేతులు వణకును. పూర్వము దీనికి ప్రధాన చికిత్స శస్త్రమే. 1943లో బోస్టన్ నగరమున ఎడ్విన్ ఆస్ట్‌వుడ్ థయోయూరియా, థయోయూరాసిల్ అను మందులతో గ్రంథిని కోయకయే అదుపు చేయవచ్చునని ప్రకటించెను. దీనికి దారి చూపినవి ఎలుకలనిన శ్రోతలు నవ్వుదురేమో! బాల్టిమోరులో వేరొక పనికై సల్ఫాగ్వానిడిన్ తినిపింపగా వాని థైరాయిడ్ గ్రంథులు ఉబ్బెను.

అయితే మందు మొదలిడుటకంటె మానుటయే చిక్కైనది. మందు హార్మోను తయారగుటను ఆపును; గ్రంథిని రెచ్చగొట్టునది రక్తమున మిగిలియుండవచ్చును. ఆ రెచ్చగొట్టునదేదో 1956లో న్యూజీలాండు పరిశోధకులు ఆడమ్స్, పర్వెస్ గ్రేవ్స్ రోగుల రక్తమున కనిపెట్టిరి. అది దేహము తనపై తానే ఎక్కుపెట్టిన ప్రతిరక్షకమని తరువాత తేలెను. దడ తగ్గినది గదా యని మాత్రలు తామే కట్టిపెట్టువారిని మనమెరుగుదుము. దడ తగ్గుట మందు మహిమ. ప్రతిరక్షకము సంగతి రక్తపరీక్షయే చెప్పవలెను. కావుననే వైద్యులు సాధారణముగా 12 మొదలు 18 నెలలు మందిచ్చి, దానిని కొలిచి, పిమ్మట మానుమందురు. మానినవారిలో దాదాపు సగముమందికి వ్యాధి తిరుగబెట్టుచున్నది. ప్రతిరక్షకము పోయినవారికి ఆ భయము తక్కువ. తిరుగబెట్టుట తరచు మొదటి సంవత్సరముననే గనుక, ఆ యేడాది రక్తపరీక్షలు మాత్రము మానరాదు.