కృత్రిమ చేతన విచారము

ఇటీవల "కృత్రిమ మేధ" యను పదము పత్రికలయందును పాఠశాలలయందును విరివిగా వాడబడుచున్నది. దానితోడనే యొక సందేహమును బుట్టినది. కథకు డొకడు లోకాంతరమునుండి వచ్చిన జీవి నొకదానిని కల్పించి, యది తల్లికి బుట్టినది గాదు, శిల్పులచే నిర్మింపబడినదని చెప్పెనేని, ఆ పాత్ర కృత్రిమ మేధ యగునా, కాదా? ఇది పిల్లల వినోదప్రశ్నవలె దోచును గాని, బుద్ధి యన నేమి, కర్త యెవ్వడు, దోష మెవ్వనిది యను మూడు ప్రశ్నలు దీనియం దణగియున్నవి. వీనిని మన పూర్వులు వ్యాకరణమునందును, ఇతిహాసమునందును, పూర్వపు చిత్తూరు మండలములోని భారతోత్సవములయందును ఏవిధముగా నెదుర్కొనిరో తెలిసికొనుట యీ విచారమునకు బ్రయోజనము.

మొదట శబ్దమును బరిశీలింపవలెను. లోకమున "కృత్రిమ" మనగా కపటమని యర్థము రూఢమైనది. శాస్త్రమున నట్లు గాదు. అష్టాధ్యాయి తృతీయాధ్యాయ తృతీయపాదమున 88వ సూత్రము 'డు' ఇత్తుగా గల ధాతువులకు "క్త్రి" ప్రత్యయమును విధించును. చతుర్థాధ్యాయ చతుర్థపాదమున 20వ సూత్రము దానిపై "మప్" ప్రత్యయమును నిత్యముగా విధించును. పాకముచే నిష్పన్నమైనది పక్త్రిమ మైనట్లే, చేయుటచే నిష్పన్నమైనది కృత్రిమము. ఇందు కపటార్థము లేశమును లేదు. మనుస్మృతి నవమాధ్యాయమున బండ్రెండు విధముల పుత్రులలో కృత్రిమపుత్రు డొకడు. అతడు అబద్ధపు కొడుకు గాడు. గుణదోషము లెఱిగినవానిని, సమానుని, కొడుకుగా జేసికొన్నప్పు డతనికి బెట్టిన పేరది. కావున కృత్రిమ మేధ మేధయే కాదని పేరునుబట్టి తీర్పు చెప్పుట తగదు. చేయబడిన దగుట యొకటి, లేని దగుట వేఱొకటి.

నిర్మితవ్యక్తుల కథలు మన వాఙ్మయమున బెక్కులు గలవు. ఆదిపర్వమున విశ్వకర్మ రత్నముల సారము గూర్చి తిలోత్తమను నిర్మించెను. ఆమె పుట్టినతోడనే తా జేయవలసిన పని యేమని బ్రహ్మ నడిగెను. అరణ్యపర్వమున యవక్రీతోపాఖ్యానమున రైభ్యుడు కోపించి, తన జడనుండి వెండ్రుక నూడబెఱికి యగ్నియందు వేల్వగా, కోడలి రూపముగల స్త్రీ యొకతె పుట్టెను. మఱియొక వెండ్రుకను వేల్వగా రాక్షసుడు పుట్టెను. వీరిరువురును దాము చేయవలసిన దేమని యతని నడిగిరి. యవక్రీతుని జంపు డని యతడు పంపెను. స్త్రీ మోహపెట్టి కమండలువును హరించెను; రాక్షసుడు శూలముచే జంపెను. నిర్మితులకు రూపము గలదు, బలము గలదు, వంచించు నేర్పును గలదు. లేనిది తమదైన ప్రయోజన మొక్కటియే. అందుచేతనే వారి తొలిపలుకు ప్రశ్న యైనది.

ఈ యుపాఖ్యానమున దోష మెవ్వరిపై బడినదో గమనింపదగును. యవక్రీతుడు నిర్దోషి గాడు. రైభ్యుని కోడలి నవమానించినవాడు. అయినను బుత్రశోకముచే భరద్వాజుడు శపించినది రైభ్యుని గాని, శూలము పట్టిన రాక్షసుని గాదు. జ్యేష్ఠపుత్రునిచేతనే రైభ్యుడు చచ్చునని శాపము. అట్లే పరావసువు చీకటిలో దండ్రిని మృగమని భ్రమించి చంపెను. పంపబడినవానికంటె బంపినవాడే కర్త యని యీ కథ తీర్పు. ఇందే మఱియొక సూక్ష్మము గలదు. యవక్రీతుడు గురువు నాశ్రయింపక, తపస్సుచే వేదములు దమంతట వచ్చుగాక యని కోరినవాడు. ఇంద్రుడు వృద్ధబ్రాహ్మణరూపమున గంగకు గుప్పెడు గుప్పెడు ఇసుకతో సేతువు గట్ట జూచి, యది యెంత వ్యర్థమో యీతని కోరికయు నంతయే యని సూచించెను. శ్రమ లేక వచ్చిన విద్యయు, జన్మము లేక వచ్చిన ప్రాణియు నొక్క కథలో నెదురుపడుట కాకతాళీయము గాదు.

క్రీస్తుశకము 11వ శతాబ్దమున కాశ్మీరమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరమునందలి కథ యింకను సమీపమైనది. నరవాహనదత్తు డొక సముద్రతీరనగరము బ్రవేశించి చూడగా, అందలి వణిజులు, వేశ్యలు, పౌరులు నందఱును గొయ్యతో జేసిన యంత్రములు. వారు సజీవులవలె జరించుచుండిరి. వాక్కు లేకుండుటచే మాత్రమే నిర్జీవులని తెలియవచ్చెను. ఆ పురమున నున్న యొక్క మనుష్యుడు రాజ్యధరుడను వడ్రంగి. అతడును అన్నయగు ప్రాణధరుడును జిత్తూరు సీమకు బొరుగైన కాంచీపురమువారని కవి చెప్పెను. ఇందు వాక్కే ప్రాణికిని యంత్రమునకును గల మేర. నేడు యంత్రము మాటలాడుచున్నది. ప్రశ్నకు బ్రత్యుత్తర మిచ్చుచున్నది. సోమదేవుడు పెట్టిన మేర చెఱగిపోయినది. మఱి యే మేర నిలుచును?

దీనికి మహాభాష్యమున నొక యాధారము దొరకును. అష్టాధ్యాయి తృతీయాధ్యాయ ప్రథమపాదమున 7వ సూత్రము ఇచ్ఛార్థమున సన్ ప్రత్యయమును విధించును. నదీకూలము పడగోరుచున్నది, ఱాయి దొర్లగోరుచున్నది యను ప్రయోగములు లోకమున గలవు. అచేతనమునకు గోరిక యెట్లు కలుగును? పతంజలి వార్తికముల ననుసరించి యిచ్చిన సమాధానములలో నొకటి మిక్కిలి లోతైనది. చేతనునియందు సైతము కోరికను మనము కన్నులార జూడము. చాప యల్లగోరువాడు నేను అల్లగోరుచున్నాను అని చాటడు. వానిచేతిలోని త్రాటిని, మేకులను, గడ్డికట్టను జూచి కోరిక నూహింతుము. పడనున్న గట్టున మట్టిపెళ్లలు రాలును, పగుళ్లు పుట్టును. వానినిబట్టి దాని కోరికయు నూహ్యమే. ఉభయత్ర ప్రవృత్తియే గుఱుతు. వేఱొక సమాధానము సర్వమును జేతనావంతమే యనునది. రాత్రి ముడుచుకొను శిరీషము నిద్రించుచున్న దందురు. సూదంటుఱాతివైపు ఇనుము నడచును. క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దమునాటి యీ విచారము, 1950లో అలన్ ట్యూరింగ్ "మైండ్" పత్రికయందు యంత్రములు ఆలోచించునా యను ప్రశ్నకు బదులుగా, సంభాషణమున యంత్రమునకును మనుష్యునకును భేదము తెలియునా యని యడిగిన దానికి నెంతయు జేరువ. అయితే పతంజలి ప్రయోజనము సాధుశబ్దము. కూలమునకు బుద్ధి గలదని స్థాపించుట గాదు. ప్రవృత్తినిబట్టి మాట వాడవచ్చును. మాట వాడినంతనే తత్త్వము సిద్ధింపదు.

ఈ భేదమును శాస్త్ర మెఱుగని పల్లెవారును నెఱుగుదురు. మూడు రాష్ట్రముల కూడలియగు కుప్పము మొదలు పుంగనూరు, మదనపల్లెల దిక్కు వఱకు గల సీమలో, ద్రౌపదీ ధర్మరాజుల గుడులున్న యూళ్ల, భారతోత్సవములు జరుగును. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. అర్జునుడు తపస్సు మాను నెక్కును. కడపట దుర్యోధనవధ. బయలున మట్టితో మహాకాయమగు దుర్యోధనుని బరుండిన భంగిని దీర్చి రంగులు పూయుదురు. భీమవేషధారి గదతో దాని తొడను గొట్టును. ఆ విగ్రహము పలుకదు, పోరదు. దుర్యోధనుని పౌరుషము, పలుకు, పరుగు ప్రక్కనున్న నటునివి. శరీర మొకచోట, వాక్కొకచోట. చూపఱులు విగ్రహమును దుర్యోధను డనియే యందురు గాని, నొప్పి దానికి గలిగినదని యెవ్వరును దలపరు. శబ్దవ్యవహారమును, తత్త్వజ్ఞానమును వారియందు గలిసియుండియు గలగాపులగము గాకున్నవి.

పాశ్చాత్యుల చరిత్రమున నీ గలగాపులగము తఱచు గానవచ్చును. 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ వెలువరించిన నాటకమునుండి "రోబో" శబ్దము లోకమెల్ల వ్యాపించినది. ఆ నాటకములోని రోబోలు ఇనుపబొమ్మలు గావు. కృత్రిమ జీవద్రవ్యముతో జేయబడిన దేహములు. 1955లో జాన్ మెకార్తీ మొదలగువారు వ్రాసిన ప్రతిపాదనమున కృత్రిమ మేధ యను పేరు వెలసి, మఱుసటియేట డార్ట్‌మత్ కళాశాలయందలి గోష్ఠితో శాస్త్రమైనది. 1966లో జోసఫ్ వైజెన్‌బామ్ ప్రకటించిన "ఎలైజా" వైద్యుని వేషము గట్టి, యెదుటివాని మాటలనే మార్చి ప్రశ్నలుగా దిరిగి యిచ్చెడిది. దాని నిర్మాణమును గన్నారజూచిన యతని కార్యదర్శియే, తానొంటిగా దానితో మాటలాడవలెనని యతనిని గది వెడలుమని కోరినదట. ఇక్కడ విగ్రహమునకు గొంతు వచ్చినది. ప్రక్కనున్న నటుడు మఱుగుపడినాడు. మఱుగుపడినవానిని లేనివానిగా దలచుటయే భ్రమ.

మదనపల్లెలో 1895 మేనెలలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, తన తుదిదినములలో, 1980 తరువాత, గణకయంత్రమును గూర్చి మాటిమాటికి బ్రసంగించెను. ఆలోచన స్మృతియొక్క ప్రతిస్పందము గావున నది యాంత్రికమనియు, యంత్రము దానిని మనుష్యునికంటె మిన్నగా జేయగలుగు నాడు మనుష్యుని మనస్సు ఏమగుననియు నాతని ప్రశ్న. మేధ యనునది ఆలోచనాజన్యము గాదని యాతని సిద్ధాంతము. ఆ పక్షమున "కృత్రిమ మేధ" యని పిలువబడునది నిజమునకు గృత్రిమస్మృతియే యగును. ఈ మతము నందఱు నంగీకరింపకపోవచ్చును. కాని స్మృతికిని మేధకును భేద మున్నదా యని యడుగక యీ విచారము ముందునకు సాగదు.

ఇక ప్రకృతమును నిర్ణయింపవలెను. గ్రంథమునందలి లోకాంతరపాత్ర గ్రంథముగానున్నంతవఱకు కృత్రిమ మేధ గాదు; దాని మాటలన్నియు గవిప్రతిభయే. కథాలోకము నంగీకరించి లోపల జొచ్చినచో, విచారింపవలసిన దేలోకము, ఏద్రవ్యము అనునవి గావు. దేహము మాత్రము నిర్మితమై, చేతనము వేఱొకచోటినుండి వచ్చి ప్రవేశించినదని కవి చెప్పెనేని, అది కృత్రిమదేహము గల జీవియే. చేతనవ్యాపారమే శిల్పి కూర్చినదని చెప్పెనేని, దేహము మాంసమైనను లోహమైనను, పుట్టిల్లు భూమియైనను నక్షత్రమైనను, అది కృత్రిమ మేధయే. యంత్ర మట్టి పాత్రను ధరించి మనతో మాటలాడినచో, పాత్ర వేషము, యంత్రము వేషధారి. ఈ రెండింటిని వేఱుచేసి చూడవలెను.

స్వతంత్రుడు కర్త యని వ్యాకరణము. కుండ వండుచున్నదని యనుటయు సాధువే. అయినను అన్నము మాడినచో గుండను నిలదీయువారు లేరు. యంత్రము తీర్పులు చెప్పు నీదినములలో, తప్పు యంత్రముపై ద్రోచి తప్పుకొనుట కొందఱకు సులభమగుచున్నది. రైభ్యుని రాక్షసునివలె "నేమి చేయవలె" నని యడిగి పని యారంభించునంతకాలము, దాని చేతలకు బంపినవాడే యుత్తరవాది. అట్లడుగుట మాని తన ప్రయోజనమును దానే నిర్ణయించుకొను నిర్మితవ్యక్తి యొకటి పుట్టెనేని, కృత్రిమపుత్రునికి బాలు పంచిన ధర్మశాస్త్రకారులవలె, దానికి బాధ్యతయు హక్కును గూడ విధింప మఱల స్మృతులు వ్రాయవలసివచ్చును.